డెల్మా సీసాల్లో రంగులు

నా కింది పళ్ల సెట్టు తిరగేసి చూస్తే లోపలంతా నారింజ రంగు. కారణం ఆవకాయ. మా గీజో దీవిలో కాసే పీచు మామిడికాయలతో నేనే పెట్టుకుంటాను. రుచి అంతంతమాత్రమే, అయినా మానను. ఈ సంగతి నాకూ, నా పళ్లు కట్టిన డెల్మా నొంగాకీ తప్ప మూడో మనిషికి తెలియదు. ఇప్పుడు నేనే వాగుతున్నాను కాబట్టి మీకు తెలిసింది. ఆవిడ మాత్రం ప్రాణం పోయినా చెప్పదు.

సొలొమన్ దీవులకి లెక్కల మాస్టారుగా వచ్చి ఇరవై తొమ్మిదేళ్లయింది. ఇన్నేళ్లలో మంత్రుల్ని చూశాను, బిషప్పుల్ని చూశాను, మా హెడ్మాస్టర్ల సంగతి అడక్కండి. తలవంచి నమస్కారం పెట్టాలనిపించిన మనుషులు ఇద్దరో ముగ్గురో. వాళ్లలో డెల్మా ఒకతె. ఆసుపత్రి వెనక రేకుల గదిలో, అచ్చులు తీసే ప్లాస్టర్ పొడి తలమీద పడుతుండగా, ఊరివాళ్లకి పళ్లు కట్టి ఇచ్చే మనిషి.

పుట్టింది సింబో దీవిలో. వాళ్లమ్మకి ఎవరో పళ్లు కట్టి ఇచ్చారట, అవి చిగుళ్లని కోసేస్తుంటే రేకు డబ్బాలో దాచుకుని, చర్చికీ ఫొటోకీ మాత్రం పెట్టుకునేదట. తినేటప్పుడు తీసేసేది. తినడానికి పనికిరాని పళ్లు ఎందుకని చిన్నప్పుడే డెల్మాకి ఒళ్లు మండింది. ఆ మంటతోనే ఫిజీలోని సువా వెళ్లి మూడేళ్లు ఈ పని నేర్చుకుని వచ్చింది. వచ్చేసరికి తల్లి లేదు. ఆ డబ్బా ఉంది.

పళ్లు పోయిన దవడ ఏటేటా అరిగి సన్నబడిపోతుంది. దానిమీద గట్టి సెట్టు కూర్చుంటే చెప్పులో రాయి పడ్డట్టే. అందుకని ముసలివాళ్లకి సెట్టు లోపలివైపు గులాబి రంగు మెత్త ఒకటి పరుస్తారు. రబ్బరులా ఉంటుంది, నొప్పి తెలియనివ్వదు. దాంతో వచ్చిన చిక్కల్లా ఒకటే. మెత్తనిది కాబట్టి దేన్నయినా పీల్చుకుంటుంది. మనం తిన్నవీ తాగినవీ నమిలినవీ అన్నీ దానిలో ఇంకి రంగు తేలతాయి. నోట్లోంచి తీసి డెల్మా చేతిలో పెట్టామంటే మన గుట్టంతా పెట్టినట్టే. డాక్టరు దగ్గర అబద్ధమాడినవాళ్లు కూడా ఆవిడ దగ్గర నోరు మెదపరు.

మెత్త డబ్బాలు ఎక్కడినుంచో దానంగా వస్తాయి. పైన రంగు మారదని రాసి ఉంటుంది. డెల్మా ఆ మాట చదివి నవ్వుతుంది. "కాఫీలో ముంచి చూసుంటారు మాస్టారూ. మావాళ్ల నోట్లో ముంచి చూడలేదు" అంటుంది.

అందుకని తనే చూడటం మొదలుపెట్టింది. ఏ కొత్త డబ్బా వచ్చినా కాస్త మెత్త కలిపి, వేలెడు ముక్కలు కోసి, దారం కట్టి జామ్ సీసాల్లో వేలాడదీస్తుంది. ఒకదానిలో టీ, ఒకదానిలో సోయా రసం, ఒకదానిలో మసాలా వేసిన చేప పులుసు, ఒకదానిలో పొగాకు నీళ్లు, ఒకదానిలో వక్కా ఆకూ సున్నం నమిలి ఊసిన రసం. నా పుణ్యమా అని ఒకదానిలో ఆవకాయ నూనె కూడా చేరింది. ఇరవై ఎనిమిది రోజులు. రంగు కొలవడానికి యంత్రాలు ఉంటాయట, మాకు ఎక్కడినుంచి వస్తాయి? పెయింటు కొట్లో గోడల రంగులు చూపించే అట్ట అడిగి తెచ్చుకుంది. లేత గులాబి నుంచి ముదురు ఇటుక రంగు దాకా నలభై రెండు గళ్లు, ఒక్కోదానికి అంకె. పొద్దున్నే ఒకే కిటికీ దగ్గర, ఒకే వెలుగులో ముక్కని అట్టమీద పెట్టి అంకె రాసుకునేది. మబ్బు పట్టిన రోజు రాయదు. ఇరవై తొమ్మిదేళ్లు పిల్లలకి కొలతలు చెప్పిన నేను అంత నిజాయితీగా ఎప్పుడూ కొలవలేదు.

వక్క రసం ఎవరు నమిలి ఊసేవారని మీరడగొచ్చు. తనే. డెల్మాకి వక్క లేనిదే పొద్దు గడవదు. పనిచేసే గదిలో నమలదు, బయటి మెట్టుమీద కూచుని నమిలి, నోరు కడుక్కుని లోపలికి వస్తుంది. అయినా పెదాలూ పళ్లూ ఎర్రగానే ఉంటాయి. మెత్త ముక్క ఒకటి దారం కట్టి బుగ్గన పెట్టుకుని, దారం కొస నోటి బయట వేలాడుతుండగా వక్క నములుతూ నాతో మాట్లాడిన రోజులున్నాయి. చేపలా ఉన్నావమ్మా అంటే, గాలానికి చిక్కింది నేను కాదు మాస్టారూ, కదలకుండా కూచున్న మీరే అనేది.

ఇక సలోమే టివురు సంగతికి వస్తాను.

మా దీవి పక్కనున్న ఉప్పునీటి సరస్సు అవతలి ఒడ్డున, మోటారు పడవలో గంట దూరంలో ఒక ఊరుంది. ఊరంతా శనివారం ఆరాధన చేసే చర్చివాళ్లు. వాళ్లు వక్క ముట్టరు, పొగాకు ముట్టరు, టీ కాఫీలు కూడా తాగరు. సలోమే అక్కడి చర్చిలో పరిచారకురాలు. డెబ్భై ఆరేళ్ల మనిషి, మొగుడు పోయి చాలాకాలమైంది. మూడు నెలలకోసారి చర్చిలో అందరూ పంచుకుని తినే ప్రభువు బల్లకి పులియని రొట్టె కాల్చేది ఆవిడే. ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఆ ఊళ్లో ఇంకెవరి చేతి రొట్టె బల్లమీదికి ఎక్కలేదు. ఆవిడకి ఆస్తి అంటే అదే, పరువంటే అదే.

డెల్మా ఆవిడ కింది సెట్టుకి కొత్త మెత్త వేసి పంపింది. మెత్త పాడవకుండా ఏం చెయ్యాలో కూడా చెప్పింది. బ్లీచింగు వద్దు, బ్రష్షు వద్దు, పడుకోబోయే ముందు సబ్బు నీళ్లలో వేసి పొద్దున కడుక్కో అంది. సలోమే చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి. బట్టల సబ్బు బారు చెక్కి నీళ్లలో కలిపి, రోజూ అలాగే చేసింది.

మూడు వారాలకి ఒక పొద్దున ఊరి కుళాయి దగ్గర ఆవిడ సెట్టు కడుక్కుంటుంటే, పక్కన బిందె పట్టుకుని నిలబడ్డ ఒక మహాతల్లి చూసింది. లోపలి మెత్త ఎర్రగా ఉంది. వక్క ఎరుపు. సలోమేకి కళ్లలో శుక్లాలు, ఆవిడకేమీ కనబడలేదు. బిందె నిండేలోపే కథ ఊరంతా నిండింది. పరిచారకురాలు చాటుగా వక్క నములుతోందట. ముప్ఫై ఏళ్లూ నమిలిందేమో, ఎవరికి తెలుసు?

చర్చి పెద్ద జైరస్ బెటి. నాకూ ఆయనకీ పడదు. వాళ్లబ్బాయిని రెండుసార్లు లెక్కల్లో తప్పించాను, ఆ కోపం ఆయనకి. తప్పించినా ఆ అబ్బాయికి లెక్కలు రాలేదు, ఆ కోపం నాకు. ఆయన కబురు పంపాడు. వచ్చే బల్లకి ముందురోజు, శుక్రవారం మధ్యాహ్నం, సంఘం కమిటీ ముందు సలోమే వచ్చి జవాబు చెప్పుకోవాలి. వక్క ముట్టిన చెయ్యి రొట్టె ముట్టడానికి వీల్లేదు.

సలోమే మర్నాడే పడవెక్కి డెల్మా గదికి వచ్చింది. నేను అక్కడే ఉన్నాను, నా సెట్టు అంచు గీసుకుంటే అరగదీయించుకోడానికి వెళ్లాను. సబ్బు నీళ్లలోంచి తీసి గుడ్డలో చుట్టి తెచ్చిన సెట్టుని డెల్మా తీసుకుని కిటికీ దగ్గర చూసింది. అట్టమీద పెట్టింది. ముప్ఫై ఎనిమిదో గడి. సరిగ్గా తన వక్క సీసాలో ముక్క వచ్చిన గడే.  తర్వాత ముసలామె ముందు మోకాళ్లమీద కూచుని అడిగింది.

"అమ్మమ్మా, నేను ఎవరికీ చెప్పను. ఒక్కసారైనా నమిలావా?"

సలోమే ఆ ముఖంలోకి చూసింది. ఏడవలేదు. చెయ్యి చాపి సెట్టు తీసుకుని, తుడుచుకుని పెట్టుకుంది.

"లేదు తల్లీ" అని లేచి వెళ్లిపోయింది.

ఆ రోజు డెల్మా నా సెట్టు ముట్టుకోలేదు. అడగకుండా ఉండాల్సింది మాస్టారూ అంది. అడిగితే తప్పేముంది, రంగు అలాగే ఉందిగా అన్నాను. రంగు అలాగే ఉంది, మనిషి అలా లేదు అంది డెల్మా. ఆ ముసలామె చెప్పింది నిజమైతే తన అట్ట అబద్ధం. ఇన్నేళ్ల అంకెలూ అబద్ధం. కమిటీకి తొమ్మిది రోజులుంది.

పనంతా పక్కన పెట్టి, పడవ మాట్లాడుకుని సలోమే ఊరికి వెళ్లింది. సలోమే ఇంట్లోకి రమ్మనలేదు, వద్దనీ అనలేదు. డెల్మా వంటపాక గడపమీద కూచుని, పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఆ మనిషి నోట్లోకి ఏం వెళుతుందో చూసింది. చిలగడదుంప. కర్రపెండలం. కొబ్బరిపాలలో ఉడికిన ఆకుకూర, చేప. పొద్దున్నే లేవగానే ఒక గ్లాసు కొబ్బరిపాలు, అందులో దంచిన పచ్చి పసుపుకొమ్ము. అదెందుకంటే మోకాళ్ల నొప్పులకని చెప్పింది. ఎవరు తాగమన్నారంటే, చర్చిలో ఆరోగ్యం గురించి చెప్పేటప్పుడు జైరసే తాగమన్నాడు, మాత్రలు మానేసి దేవుడిచ్చిన దుంప వాడండి అన్నాడు. ఊళ్లో అందరూ విన్నారు. మానకుండా తాగింది ఈవిడ ఒక్కతే.

డెల్మా ఆ పసుపుకొమ్ములు గుప్పెడు తెచ్చుకుంది. పసుపైతే పచ్చగా అంటుతుంది, ఎర్రగా ఎలా అవుతుంది? అక్కడ ఆగిపోయింది. అయినా సలోమే చేసినట్టే చేసింది. అదే డబ్బాలోని మెత్త ముక్కని పగలంతా పసుపు పాలలో ఉంచి, సాయంత్రం తీసి, బట్టల సబ్బు చెక్కిన నీళ్లలో వేసింది. మూడోరోజు పొద్దున నేను వెళ్లేసరికి సీసా ముందు నిలబడి ఉంది. సబ్బు నీళ్లలో ముక్క ఎర్రగా ఉంది. ముప్ఫై ఐదో గడి.

నేను నెత్తి బాదుకున్నాను. మా అమ్మ ప్రతి పండక్కీ మాకు ఎర్రనీళ్లతో దిష్టి తీసేది. పసుపు నీళ్లలో సున్నం వేసి కలిపితే ఎర్రబడతాయని మా వైపు పసిపిల్లలకి కూడా తెలుసు. పసుపు మరకకి సబ్బు పెడితే చీర ఎర్రబడుతుందని మా అమ్మ వందసార్లు తిట్టి ఉంటుంది. తొమ్మిది రోజుల్లో మూడు రోజులు ఈ పిల్ల బుర్ర బద్దలు కొట్టుకుంటుంటే, నేను పక్కనే కూచుని ఆవకాయ గురించి మాట్లాడుతున్నాను. ఇదంతా చెబితే డెల్మా నన్ను తిట్టలేదు. అయితే మీ నీళ్లు మళ్లీ పసుపు అయ్యేవా అని అడిగింది. నిమ్మకాయ పిండితే అవుతాయేమో అన్నాను. ఆవిడ అప్పటికే నిమ్మకాయ కోస్తోంది. పిండగానే ఎర్ర ముక్క కళ్లముందే పచ్చబడింది. వక్క సీసాలోని ముక్క తీసి దానిమీదా పిండింది. అది కాస్త గోధుమ రంగుకి తిరిగి, అక్కడే మొండికేసింది. పచ్చబడలేదు.

మిగతా రోజులు ఊరుకుందా? అదే పరీక్ష మళ్లీ మళ్లీ చేసింది. తెలిసిపోయిందిగా, ఇంకెందుకమ్మా అంటే, నాకు తెలిస్తే చాలదు మాస్టారూ, ఆవిడ పరువు నా చేతిలో ఉంది అంది.

శుక్రవారం మధ్యాహ్నం ఇద్దరం వెళ్లాం. సీసాల బుట్ట నా ఒళ్లో. కమిటీ చర్చి పక్కన బడిగదిలో కూచుంది. ఏడుగురు మగవాళ్లు, ఇద్దరు ఆడవాళ్లు. సలోమే ఒక పక్క బల్లమీద, తెల్ల గౌనులో, చేతులు ఒళ్లో పెట్టుకుని ఉంది. మా వైపు చూడలేదు.

డెల్మా పళ్లు కట్టే ఆవిడగా చెప్పాల్సింది ఉందంది. జైరస్ ఆవిడ నోటివంక చూశాడు.

"వక్క నమిలే నోటితో వక్క సంగతి చెప్పడానికి వచ్చావా అమ్మా?" అన్నాడు. ఇద్దరు ముగ్గురు నవ్వారు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. జైరస్‌కి పైదీ కిందదీ పూర్తి సెట్టు. కట్టింది డెల్మానే, మెత్త వేసింది డెల్మానే. ఏడాది కిందట ఒకరోజు ఆయన పేరు చీటీ కట్టిన సెట్టు బల్లమీద తిరగేసి ఉండగా నేను చూశాను. చిక్కటి కాఫీ రంగు. అట్టమీద ఏ గడో కూడా చెప్పగలను. నేను చూడటం చూసి డెల్మా దానిమీద గుడ్డ కప్పింది, ఇప్పటిదాకా దాని ఊసే ఎత్తలేదు. ఆ గదిలో ఆయన నవ్వుతుంటే నా నాలుక కొసదాకా వచ్చింది. డెల్మా నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. గోళ్లు దిగాయి. ఒక్క మాటతో ఆ మనిషిని నేలకి దించగలదు, ఆ మాట తన దగ్గరే ఉంది, అయినా అనలేదు. ఆ క్షణంలో ఆవిడమీద నాకు కలిగిన గౌరవం ఇంతా అంతా కాదు.

"ఎరుపు సంగతి నాకు తెలిసినంత మీకు తెలీదు పెద్దయ్యా. అందుకే వచ్చాను" అంది శాంతంగా.

సీసాలూ ఒక గిన్నే వరసగా పెట్టింది. పసుపు పాలలో నానిన ముక్కని అందరికీ చూపించి సబ్బు నీళ్లలో వేసింది. కాసేపటికి అది ఎర్రబడింది. తర్వాత దాన్ని గిన్నెలో పెట్టి నిమ్మకాయ పిండింది, పచ్చబడింది. తన బుగ్గన పెట్టుకుని నమిలిన ముక్కమీద పిండింది, పచ్చబడలేదు. మళ్లీ మొదట్నుంచి ఇంకోసారి చేసింది.

"పసుపు తాగమని మీరు చెప్పారు. సబ్బులో వెయ్యమని నేను చెప్పాను. ఆవిడ ఇద్దరి మాటా విన్నది. తప్పు నాది. సబ్బని చెప్పేముందు నేను చూసుకోవాల్సింది" అంది.

కమిటీలో ఒకాయన గొంతు సవరించుకుని, ఇవన్నీ మీ ముక్కలు, ఆవిడ నోట్లోది ఏమిటో మాకెలా తెలుస్తుందన్నాడు. డెల్మా ముఖం ఎర్రబడింది. ఆవిడ చేత ఇందరి ముందు పళ్లు తీయించను, కావాలంటే నా ఉద్యోగం తీయించండి అంది.

సలోమే లేచింది. గిన్నె ఇటు జరపమంది. డెల్మా వద్దు అమ్మమ్మా అంటున్నా వినకుండా, పొద్దున సబ్బు నీళ్లలోంచి తీసి కడగకుండా గుడ్డలో చుట్టి తెచ్చిన కింది సెట్టు గిన్నెలో పెట్టింది. అప్పుడు అర్థమైంది, అంతసేపూ ఆవిడ పెదాలు బిగించుకుని ఎందుకు కూచుందో. ఆవిడ దగ్గర శనివారం బడిలో చదువుకున్న వాళ్లే ఆ తొమ్మిదిమందిలో సగం. ఆ ఒట్టి దవడ వాళ్లెవరూ ఎప్పుడూ చూసి ఉండరు. నాకు తల దించుకోవాలనిపించింది. కొందరు దించుకున్నారు.

 డెల్మా చేతిలోంచి నిమ్మకాయ తీసుకుని సలోమేనే పిండింది. మెత్త ఎరుపు అంచులనుంచి విడిచి, మెల్లగా నడిమికి జరిగి, మొత్తం పచ్చబడింది. జైరస్ దగ్గరికొచ్చి వంగి చూశాడు.  రేపు రొట్టె ఎప్పటిలాగే సలోమే తెస్తుందని చెప్పి కూచున్నాడు.

డెల్మా సెట్టు కడిగి ఇచ్చింది. సలోమే దాన్ని పెట్టుకుని, సర్దుకుని, అప్పుడు మాట్లాడింది.

"ముప్ఫై ఒక్క ఏళ్లుగా నా చేతి రొట్టె తింటున్నారు. కుళాయి దగ్గర చూశారు, దారిలో చూశారు, ఇక్కడికి పిలిచి చూశారు. నమిలావా అని నా ముఖం చూసి అడిగింది ఈ పిల్ల ఒక్కతే. లేదని చెప్తే నమ్మి, పని చేసింది కూడా ఈ పిల్లే."

 

ఆ రోజు పడవ దొరక్క ఊళ్లోనే ఉండిపోయాం. శనివారం పొద్దున చర్చిలో నేను వెనక బల్లమీద కూచున్నాను, డెల్మా నా పక్కన. ప్రభువు బల్లకి ముందు వాళ్లలో ఒక ఆచారం ఉంది. మగవాళ్లు మగవాళ్లవీ, ఆడవాళ్లు ఆడవాళ్లవీ, ఇద్దరిద్దరుగా ఒకరి కాళ్లు ఒకరు కడుగుతారు. ఎవరి జత వాళ్లు ఎంచుకుంటారు. పరిచారకురాలు తమ దగ్గరికి రావాలని ఆడవాళ్లంతా ఎదురుచూస్తారట. ఆ రోజు కుళాయి దగ్గరి మహాతల్లి అందరికంటే ముందు చెప్పులు విడిచి కూచుంది.

సలోమే నీళ్ల బేసిన్ ఎత్తుకుని, వరసలన్నీ దాటుకుని, ఒక్కో అడుగే వేస్తూ వెనక బల్ల దాకా వచ్చింది. మోకాళ్ల నొప్పులతో, బల్ల అంచు పట్టుకుని, డెల్మా ముందు కిందికి దిగింది. నేను లేచి పక్కకి తప్పుకున్నాను.

డెల్మా కాళ్లు వెనక్కి లాక్కుంది. "నేను మీ చర్చి మనిషిని కాదు అమ్మమ్మా. నా నోరు చూడు."

"కాళ్లు ఇయ్యి" అంది సలోమే. "నేను కడిగేది నోరు కాదు."

ఇన్నేళ్లలో డెల్మా ఏడవడం నేను చూడలేదు. ఆ రోజు చూశాను. ప్లాస్టర్ పొడి పట్టి పగిలిన ఆ మడమల్ని ముసలామె వేళ్ల సందులు కూడా వదలకుండా, తొందరపడకుండా కడిగి తుడిచింది. తర్వాత బెంచీమీద కూచుని తన కాళ్లు చాపింది. డెల్మా నేలమీద కూచుని వాటిని ఒళ్లోకి తీసుకుంది.